అమెరికాలో కంపెనీ అమ్మేసిన మా బావ ప్రభుత్వంలో పనిచేస్తాడట: అక్కడా, విశాఖలోనా?

లాసన్స్‌బే_అమ్మాయి

అందరికీ నమస్కారం. ఇది మా ఇంటి విషయమే. అయినా ఇక్కడ చట్టం తెలిసినవారు, ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితం గడిపినవారు, అమెరికాలో స్థిరపడినవారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా మేనమామ కొడుకు ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళాడు. కొన్నేళ్ళు ఉద్యోగం చేశాక, గిడ్డంగుల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. నిరుడు మంచి ధరకు అమ్మేశాడు. మళ్ళీ ఇంకో కంపెనీ పెట్టే ఉద్దేశం లేదట. "సంపాదన చాలు, ఇక ప్రభుత్వంలో పనిచేస్తాను" అంటున్నాడు. అక్కడి పౌరసత్వం వచ్చి ఆరేళ్ళయింది. విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉంది.

గాజువాకలో మా అత్తయ్య మాత్రం కొడుకు ఇక్కడికే రావాలని పట్టుబట్టింది. తెనాలి దగ్గర బుర్రిపాలెం నుంచి వెళ్ళి, అక్కడ డాక్టరై, వైద్య పరీక్షలకు శిక్షణనిచ్చే యూవరల్డ్ పెట్టి, 2024లో గుంటూరు ఎంపీగా గెలిచి కేంద్ర సహాయమంత్రి అయిన పెమ్మసాని చంద్రశేఖర్ గారి కథ ఆవిడకు కంఠతా వచ్చు. గుడివాడలో వెనిగండ్ల రాము గారి పేరు కూడా చెబుతుంది. బావకు ఏ దారి మంచిది? నిజంగా తెలిసినవారు చెప్పండి.

పూర్ణామార్కెట్_వర్తకుడు

మీ బావగారికి నా సలహా ఉచితం: ఏ దారీ వద్దు. సొంత దుకాణంలో నిర్ణయం తీసుకోవడానికి నాకు నిమిషం పడుతుంది. తప్పయితే నష్టం నాది. ప్రభుత్వంలో సరైన నిర్ణయం తీసుకున్నా పదేళ్ళ తరువాత ఎవరో వచ్చి "అప్పుడెందుకు సంతకం పెట్టారు?" అని అడుగుతారు. డబ్బుంటే చిన్న వ్యాపారాలకు పెట్టుబడి పెట్టమనండి. పదిమందికి పని దొరుకుతుంది. అది సేవ కాదా?

సీతమ్మధార_వకీలు

సేవ సంగతి పక్కన పెడదాం. ముందు అమ్మాయి గారు అత్తయ్యకు ఒక్క విషయం చెప్పాలి. ప్రస్తుతం వారి అబ్బాయి ఇక్కడ వార్డు కార్పొరేటర్‌గా కూడా నిలబడలేడు.

ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా లాంటి సౌకర్యం. పౌరసత్వ చట్టం 7బి సెక్షన్ చూడండి. ఓసీఐ ఉన్నవారికి ఓటరుగా నమోదయ్యే హక్కు లేదు, పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ పోటీచేసే హక్కు లేదు. కేంద్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ ప్రవేశం లేదు. అదే గ్రీన్‌కార్డు దగ్గర ఆగి ఉంటే కథ వేరు. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం విదేశంలో ఉన్నా ఓటరుగా నమోదు కావచ్చు, వచ్చి నామినేషన్ వేయవచ్చు.

వెనక్కి వచ్చే దారి ఉంది. ఓసీఐగా నమోదై ఐదేళ్ళు నిండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసించి ఉంటే భారత పౌరసత్వం కోరవచ్చు. రెండు పౌరసత్వాలు కుదరవు కాబట్టి అమెరికాది వదులుకోవాలి.

ఆ 12 నెలల నివాసాన్ని తేలికగా తీసుకోవద్దు. వేములవాడ నుంచి నాలుగుసార్లు గెలిచిన చెన్నమనేని రమేష్ గారి కేసు సరిగ్గా ఆ మెలికమీదే ఏళ్ళ తరబడి నడిచింది. ఆయన జర్మనీలో ఆచార్యుడిగా పనిచేసి వచ్చారు. దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే ఉన్నారా లేదా అన్నదే వివాదం. చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది. నాలుగుసార్లు ప్రజలు గెలిపించారన్నది కోర్టులో పనికిరాలేదు.

ద్వారకానగర్_ఆడిటరు

వకీలు గారు చెప్పనిది ఇంకొకటి. అమెరికా పౌరసత్వం వదిలేసేటప్పుడు నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే, ఆస్తులన్నీ ముందురోజే అమ్మేసినట్టు భావించి లాభంమీద పన్ను వేస్తారు. కొంత మినహాయింపు ఉంటుంది. కంపెనీ అమ్మిన డబ్బు మ్యూచువల్ ఫండ్లలోనో షేర్లలోనో పెట్టి ఉంటే లెక్క గట్టిగానే ఉంటుంది. దేశభక్తి పొంగినరోజే దరఖాస్తు పెట్టవద్దని చెప్పండి. ముందు అక్కడి పన్ను సలహాదారును కలవాలి.

ఉక్కునగరం_రిటైర్డ్

ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఆయన వస్తే మనకేమిటి లాభం? "కంపెనీ నడిపాను, ప్రభుత్వాన్నీ నడుపుతాను" అనేవారిని చూస్తే నాకు భయం. కంపెనీలో నచ్చని ఖాతాదారుణ్ణి వదిలేయవచ్చు. మున్సిపాలిటీ కొండవాలు కాలనీలో ఉన్న ఇంటిని వదిలేయగలదా? లాభం రాని బస్సు రూటును ఆపేస్తే చివరి స్టాపులో ఉన్న పిల్ల బడికి ఎలా వెళుతుంది? ఈ ఊరికి ఉక్కు కర్మాగారం బ్యాలెన్స్ షీటు చూసి రాలేదు. 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చింది. వ్యాపారులు వచ్చి మాకు పొదుపు పాఠాలు చెప్పడం విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

మల్కాపురం_వాసి

ఉక్కునగరం పెద్దాయనా, మన పక్కనే షిప్‌యార్డు ఉంది కదా. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి పెట్టినదే. 1948లో జల ఉష నౌకను నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. 1952లో ప్రభుత్వం పెద్దవాటా తీసుకుంది, 1961లో పూర్తిగా తీసుకుంది. మనుషుల మాటెందుకు, ఇక్కడ యార్డే వ్యాపారం వదిలి ప్రభుత్వ సేవలో చేరింది!

నిర్వాహకుడు

ప్రైవేటీకరణ గురించి వేరే చర్చ నడుస్తోంది. అక్కడికి వెళ్ళండి. పార్టీల ప్రస్తావన వచ్చిన రెండు జవాబులు తీసేశాను.

పాత_టెలిఫోన్స్

నేను టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. "వ్యాపారి వస్తే మనకేమిటి?" అన్న ప్రశ్నకు నా దగ్గర కళ్ళారా చూసిన జవాబు ఉంది.

శాం పిట్రోడా పుట్టింది ఒడిశాలోని టిట్లాగఢ్‌లో. మనకు పరాయి ఊరేమీ కాదు. విజయనగరం మీదుగా రాయపూర్ రైలెక్కితే దారిలో వస్తుంది. గుజరాతీ కుటుంబం. 1964లో చదువుకోసం చికాగో వెళ్ళారు. తరువాత వెస్కామ్ స్విచింగ్‌లో భాగస్వామి అయ్యారు. 1980లో ఆ కంపెనీని రాక్‌వెల్ కొనేసింది. అంటే మీ బావగారి స్థితే. చేతిలో డబ్బుంది, వయసింకా 40 కూడా కాలేదు, ముందేం చేయాలో ఆలోచిస్తున్నారు.

ఆయన ఢిల్లీ వచ్చి, పల్లెలకు పనికొచ్చే ఎక్స్ఛేంజీ మనమే తయారు చేసుకుందాం అన్నారు. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పుట్టింది. 36 నెలల్లో, 36 కోట్లతో చేసి చూపిస్తామన్న మాట అప్పట్లో మా శాఖలో అందరి నోటా ఉండేది. పెద్దవాళ్ళు చాలామంది నవ్వారు. విదేశీ యంత్రాలకు ఏసీ గది కావాలి, దుమ్ము పడకూడదు. పాడేరు వైపు ఏసీ గది ఎక్కడిది? కరెంటే ఎప్పుడు పోతుందో తెలియదు. సీ-డాట్ చేసిన పల్లె ఎక్స్ఛేంజీ 128 లైన్లది. బీరువా అంత ఉండేది. ఏసీ అక్కరలేదు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. తరువాత మా చేతికి వచ్చింది. ఏజెన్సీలో పెంకుటింట్లో, బ్యాటరీలమీద, గోడమీద బల్లి తిరుగుతుండగా అది పనిచేయడం నేను చూశాను. కార్డు పోతే తీసి ఇంకోటి గుచ్చడమే. అంతకుముందు స్ట్రౌజర్ అనే పాతకాలపు యాంత్రిక ఎక్స్ఛేంజీలో వానాకాలమంతా రిలేలు తుడుస్తూ కూర్చున్నవాళ్ళకు ఆ సుఖం తెలుస్తుంది. జగదాంబ దగ్గర పసుపు రంగు ఎస్టీడీ బూత్‌ల ముందు రాత్రి తొమ్మిది దాటాక ఉండే వరుస మీలో ఎంతమందికి గుర్తుందో!

అయితే అత్తయ్యగారికి మిగతా సగం కూడా చెప్పండి. ఆయన అమెరికా పౌరసత్వం వదులుకున్నారు. ప్రధానికి సలహాదారుగా ఏడాదికి రూపాయి జీతం తీసుకున్నారు. 1989లో ప్రభుత్వం మారింది. టెలికాం కమిషన్ ఛైర్మన్‌గా ఉండగానే ఆరోపణలు వచ్చాయి. గుండెపోటు వచ్చింది. మళ్ళీ చికాగో వెళ్ళిపోయారు. 2005లో నాలెడ్జ్ కమిషన్‌కు పిలిచేవరకు ఆయన్ని తలుచుకున్నవారు తక్కువ.

ఉక్కునగరం_రిటైర్డ్

పాత_టెలిఫోన్స్ గారూ, ఇది ఒప్పుకుంటాను. కానీ ఆయన ఒక్క పని చేతిలో పట్టుకుని వచ్చారు. పదవి వెతుక్కుంటూ రాలేదు. ఈ అబ్బాయి చేతిలో పనేమిటి? "ప్రభుత్వంలో పనిచేస్తాను" అన్నది కోరిక మాత్రమే.

డెట్రాయిట్_దగ్గర

పెద్దాయన సరిగ్గా పట్టుకున్నారు. నేను అక్కయ్యపాలెం నుంచి వచ్చి మిషిగన్‌లో ఉంటున్నాను. ఇక్కడి సంగతి చెబుతాను.

మా రాష్ట్రంలో శ్రీ థానేదార్ ఉన్నారు. బెళగావిలో పెరిగి, 1979లో అమెరికా వచ్చి, కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, ప్రయోగశాల కంపెనీ కొని పెంచారు. అప్పులు చేసి విస్తరించారు. ఆయన కంపెనీ ఆజోఫార్మా 2010లో బ్యాంకు చేతికి పోయింది. మళ్ళీ ఆన్ ఆర్బర్‌లో ఇంకో ల్యాబ్ మొదలుపెట్టి నిలదొక్కుకున్నారు. 2018లో సొంత డబ్బు గుమ్మరించి ఏకంగా గవర్నర్ పదవికి పార్టీ టికెట్ కోరారు. ఊరంతా టీవీలో ఆయన ప్రకటనలే. మూడో స్థానంలో వచ్చారు. అప్పుడు దిగివచ్చి 2020లో రాష్ట్ర దిగువసభకు గెలిచారు. 2022 ఎన్నికల్లో గెలిచి అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు వెళ్ళారు. ఆయన రాజకీయాలు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. నేను చెప్పేది మెట్ల గురించి.

ఇంకా పాతకథ దలీప్ సింగ్ సౌంద్‌ది. పంజాబు నుంచి 1920లో వచ్చారు. బర్క్‌లీలో గణితంలో డాక్టరేట్ తెచ్చుకున్నా, భారతీయుడికి కొలువెవరిస్తారు? ఇంపీరియల్ వ్యాలీలో వ్యవసాయం చేశారు. తరువాత ఎరువుల వ్యాపారం. 1923లో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం లేదని తేల్చేసింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పౌరుడు కాలేనివాడికి భూమి కొనే హక్కూ లేదు. 1946లో చట్టం మారడానికి తానూ పోరాడి, 1949లో పౌరుడయ్యారు. మరుసటి ఏడు వెస్ట్‌మోర్‌లాండ్ అనే చిన్న ఊరికి జడ్జిగా ఎన్నికయ్యారు. పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని ఆ పదవి ఇవ్వలేదు. 1952లో మళ్ళీ నిలబడి గెలిచారు. 1956లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. అక్కడికి వెళ్ళిన మొదటి ఆసియా సంతతి సభ్యుడు ఆయనే.

ప్రతినిధుల సభకు పౌరసత్వం వచ్చి 7 ఏళ్ళు నిండాలి, సెనేట్‌కు 9. బావగారికి ఆరేళ్ళే అన్నారు. ఆ ఒక్క ఏడాది గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. వాళ్ళ ఊళ్ళో స్కూలు బోర్డు ఉంటుంది, ఊళ్ళో కట్టడాల అనుమతులు చూసే ప్లానింగ్ కమిషన్ ఉంటుంది, గ్రంథాలయ బోర్డు ఉంటుంది. వాటిలో ఖాళీలకు మనుషులు దొరకక నగరసభ వాళ్ళు తలలు పట్టుకుంటారు.

నేను మా ఊరి ప్లానింగ్ కమిషన్‌లో ఉన్నాను. పళ్ళ డాక్టరొకాయన క్లినిక్ వెనక మరికొన్ని కార్లకు చోటు కావాలన్నాడు. చదును చేసి గీతలు గీస్తే అయిపోయే పని. పక్కింటి పెద్దావిడ లేచి, రాత్రిపూట హెడ్‌లైట్లు తన వంటింటి కిటికీలో పడతాయని ఫొటోలు చూపించింది. ఇంకొకాయన చెట్లు కొట్టేస్తే వాననీరు తమ పెరట్లోకి వస్తుందన్నాడు. పది నిమిషాల్లో తేలుతుందనుకున్నది రెండు గంటలు నడిచింది. చివరికి చూస్తే వెనకవీధిలో ఒక ఇంటికి నోటీసు అందలేదు. మొత్తం వచ్చే నెలకు వాయిదా. నా ఆఫీసులో ఇలా జరిగితే ఎవరినో ఒకరిని కేకలేసేవాణ్ణి. అక్కడ కేకలేయడానికి ఎవరూ లేరు. ఆ ఇంటావిడకు చెప్పుకునే హక్కుంది, అంతే. ఈ ఓపిక బావగారికి ఉందా లేదా అన్నది అలాంటి సమావేశాల్లో కూర్చుంటే తెలిసిపోతుంది.

ఫైలు_మోసినవాడు

డెట్రాయిట్ బాబు చెప్పింది చదివి హాయిగా నవ్వుకున్నాను. నేను ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంట్‌గా చేశాను. ఏ శాఖ అన్నది వద్దు.

విదేశంలో వ్యాపారం చేసి వచ్చిన ఒకాయన మా అధికారి దగ్గరకు వచ్చి, స్టాకు రిజిస్టర్లన్నీ కంప్యూటర్లో పెట్టే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తానన్నాడు. మంచివాడు, ఏ దురుద్దేశమూ లేదు. అధికారికి నచ్చింది. ఫైలు పెట్టమన్నారు. నేను నోట్‌లో రాసిన ప్రశ్నలు: మొదటి ఏడాది ఉచితం, రెండో ఏడాది నిర్వహణ ఖర్చు ఏ పద్దు కింద? సమాచారం ఎవరి సర్వరులో ఉంటుంది? ఆయన కంపెనీ రేపు చేతులు మారితే? టెండరు లేకుండా తీసుకున్నదానికి తరువాత ఆయనకే డబ్బు చెల్లించాల్సి వస్తే ఆడిట్‌కు ఏమని జవాబివ్వాలి? అధికారి మార్జిన్‌లో "చర్చించండి" అని రాశారు. చర్చించేలోగా ఆయన బదిలీ అయ్యారు.

ఆ పెద్దమనిషి నన్ను అడ్డుపుల్ల అనుకుని ఉంటాడు. అనుకోనివ్వండి. ఉచితంగా వచ్చినదానికి లొంగిపోయిన కార్యాలయం మూడో ఏడాది ఎంత అడిగితే అంత ఇవ్వాలి. ఇలాంటి ప్రశ్నలకు విసుక్కోకుండా కూర్చుని ఒక్కొక్కదానికీ జవాబు రాసి ఇచ్చి ఉంటే మాత్రం, ఆ పని నేనే దగ్గరుండి చేయించేవాణ్ణి. రిజిస్టర్లు రాసి మా వేళ్ళూ కాయలు కాశాయి మరి.

సీతమ్మధార_వకీలు

ఫైలు గారి మాటకు చట్టంలో ఆధారం ఉంది. మన కేంద్రమంత్రుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, మంత్రి కాగానే వ్యాపార నిర్వహణతో సంబంధాలన్నీ తెంచుకోవాలి. యాజమాన్యం మాత్రం ఉంచుకోవచ్చు. అయితే ఆ వ్యాపారం తానున్న ప్రభుత్వానికే సరుకో సేవో అందిస్తుంటే సాధారణంగా వాటా కూడా వదులుకోవాలి. ఎంపీగా, ఎమ్మెల్యేగా నిలబడేవారికి ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ ఉంది. ప్రభుత్వంతో సరుకు సరఫరా, పనుల కాంట్రాక్టు నడుస్తుంటే అనర్హులవుతారు. అమెరికా కాంగ్రెస్ సభ్యులైతే 2012 చట్టం ప్రకారం వెయ్యి డాలర్లు దాటిన షేర్ల లావాదేవీని 45 రోజుల్లోగా బయటపెట్టాలి. పూర్తిగా అమ్ముకుని వచ్చినవాడికి ఈ తలనొప్పి తక్కువ. ఆ లెక్కన మీ బావగారు తెలియకుండానే మంచిపని చేశారు.

పూర్ణామార్కెట్_వర్తకుడు

ఇవన్నీ చదివాక నా సలహా ఇంకా గట్టిపడింది.

బర్మాక్యాంపు_మనవడు

ఇక్కడ అందరూ వ్యాపారం బాగా చేసి, డబ్బు చేసుకుని, తరువాత సేవకు వచ్చినవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఇంకో రకం జరిగింది.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ వెళ్ళారు. మొదట రేవులో కూలి. తరువాత బియ్యం, ఉప్పుచేపల దుకాణం. 1962లో నె విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. 1964 మార్చిలో దుకాణాలు జాతీయం చేశారు. ఒకరోజు పొద్దున్నే సైనికులు వచ్చి గల్లాపెట్టెకు, గుమ్మానికి సీలు వేశారట. మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. మిగిలింది కూడా కాగితమైంది. ఓడెక్కి విశాఖ వచ్చారు. కంచరపాలెం పక్కన క్యాంపులో చోటిచ్చారు. ఆ పేరే నేటికీ నిలిచింది.

తాత మళ్ళీ దుకాణం పెట్టలేదు. పెట్టుబడి లేదు, ఉన్నా పెట్టేవారు కాదని నాన్న అంటారు. బర్మా నుంచి తిరిగివచ్చినవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో వయోపరిమితి సడలింపు ఉండేది. దాంతో మా పెదనాన్నకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రంగూన్ దుకాణంలో పద్దులు రాసిన చెయ్యి. మా పేటలో ఎవరికి రేషన్ కార్డు కావాలన్నా, పెన్షన్ దరఖాస్తు రాయాలన్నా రాత్రి మా అరుగుమీదకే వచ్చేవారు. వచ్చినవాణ్ణి ఖాళీగా తిప్పి పంపితే మళ్ళీ రాడన్న దుకాణదారు బుద్ధి ఆయనకు ఉద్యోగంలోనూ పోలేదు. ఆఫీసులో మాత్రం పదోన్నతి ఆలస్యంగా వచ్చింది.

ఉక్కునగరం పెద్దాయనకు వ్యాపారులంటే పడదు. మా పెదనాన్నను చూసి ఉంటే కొంచెం పడేదేమో.

ఉక్కునగరం_రిటైర్డ్

బాబూ, మీ పెదనాన్న లాంటివారు వందమంది రానీ. నాకేం అభ్యంతరం? నేను భయపడేది అరుగుమీద కూర్చోనివాళ్ళ గురించి.

లాసన్స్‌బే_అమ్మాయి

అందరి జవాబులూ బావకు ఫోనులో చదివి వినిపించాను. ఆజోఫార్మా దగ్గర కాసేపు మాట్లాడలేదు. ఫైలు గారి నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. తన కంపెనీ మొదటి ఖాతాదారు కూడా సరిగ్గా ఇవే అడిగాడట. పౌరసత్వం ఇప్పట్లో వదలడు. అక్కడి పౌరుడిగానే ఉంటూ మన రాష్ట్ర ప్రభుత్వానికి జీతం లేని సలహాదారుగా ఉండవచ్చా అని అడగమన్నాడు.

సీతమ్మధార_వకీలు

జీతం లేకపోవడం ముఖ్యం కాదమ్మా. అది ప్రభుత్వ పదవి కిందికి వస్తుందా అన్నది ముఖ్యం. వస్తే 7బి అడ్డం. హోదా, కారు, గది ఉన్న సలహాదారు పదవి జోలికి పోవద్దనండి. ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలకు పాఠం చెబుతానంటే ఎవరూ కాదనరు.

డెట్రాయిట్_దగ్గర

వాళ్ళ ఊరి వెబ్‌సైటులో బోర్డులు, కమిషన్ల ఖాళీలు పెడతారు. దరఖాస్తు రెండు పేజీలే ఉంటుంది. పెట్టేముందు ప్రేక్షకుల వరుసలో కూర్చుని ఒక సమావేశం పూర్తిగా చూడమనండి. మధ్యలో లేచి వెళ్ళిపోతే సంగతి తేలిపోతుంది.

లాసన్స్‌బే_అమ్మాయి

చూశాడట. గ్రంథాలయ బోర్డులో ఒకటి, ప్లానింగ్ కమిషన్‌లో ఒకటి ఖాళీ ఉన్నాయి. వచ్చే గురువారం సమావేశానికి వెళతానన్నాడు. ఆ పనికి జీతం ఉండదన్న సంగతి అత్తయ్యకు చెప్పే బాధ్యత మాత్రం నామీద పెట్టాడు. ఆదివారం గాజువాక వెళుతున్నాను.